అడవిలో మనిషి దొరకనప్పుడు ఊళ్లో కథలు ఎందుకు పుడతాయి?

"ఇంతమంది పోలీసులు, డ్రోన్లు, కుక్కలు... ఒక్కడు దొరకడా?" అడవిలోకి పారిపోయిన నిందితుడి కోసం ఎక్కడ కూంబింగ్ మొదలైనా, రెండో రోజుకల్లా విశాఖలో వినిపించే ప్రశ్న ఇదే. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్లు అడుగుతారు, జగదాంబ సెంటర్‌లో టీ తాగేవాళ్లూ అడుగుతారు. మూడో రోజుకి ప్రశ్న పోయి జవాబులు మొదలవుతాయి. ఒడిశా దాటేశాడట. ఎప్పుడో చచ్చిపోయాడట. గూడెంలో ఎవరో దాచారట. పోలీసులకి అంతా తెలుసట, కావాలనే చెప్పడం లేదట.

ఇలా మాట్లాడేవాళ్లను పనీపాటా లేనివాళ్లని కొట్టిపారేస్తే విషయం అర్థం కాదు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, భయమూ ఉంది. అడవిలో గాలింపు ఎలా జరుగుతుందో మనకు తెలియకపోవడం, తెలిసిన కాస్తా పోలీసులు చెప్పలేకపోవడం, ఈ రెండిటి మధ్య ఖాళీలోనే కథలు పుడతాయి. వాటికి మూల్యం మాత్రం మనం కట్టం. అమాయకులు కడతారు, ఎక్కువగా కొండల మీద బతికేవాళ్లు కడతారు.

ముందు అడవి సంగతి. 2009 సెప్టెంబర్ 2 ఉదయం మన తరం మరిచిపోలేనిది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బేగంపేటలో లేచి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి. రాష్ట్ర యంత్రాంగమంతా కదిలింది. వైమానిక దళం సుఖోయ్ విమానాన్ని కూడా దించింది, ఇస్రో సాయం తీసుకున్నారు, పోలీసులు నల్లమలలోకి నడిచారు. ఆ రోజంతా టీవీలో పూటకో మాట. క్షేమంగా దిగారన్నారు, రోడ్డు మార్గంలో వెళ్తున్నారన్నారు. పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేసరికి మర్నాడు ఉదయమైంది. అది హెలికాప్టర్. ఎటు వెళ్తోందో తెలుసు. ఎవరి నుంచీ దాక్కోలేదు, పడ్డచోటి నుంచి కదల్లేదు. అయినా దాన్ని కనుక్కోవడానికి దాదాపు 24 గంటలు పట్టింది.

ఇప్పుడు దాక్కోవాలనుకునే మనిషిని, కదిలే మనిషిని ఊహించండి. కొండల్లో గంటకి రెండు కిలోమీటర్లే నడిచాడనుకుందాం. ఒక రాత్రి గడిస్తే పదిహేను కిలోమీటర్లు పోగలడు. ఏ దిక్కుకి పోయాడో తెలియదు కాబట్టి, వెతకాల్సింది పదిహేను కిలోమీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తం మొత్తం. అది 700 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. భీమిలి నుంచి అనకాపల్లి దాకా ఉన్న విశాఖ మహానగర పాలక సంస్థ (జీవీఎంసీ) విస్తీర్ణమంతా కలిపినా దాదాపు 680. దూరం రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలవుతుంది. తొలి రాత్రి చేజారితే వెయ్యి మందిని దించినా చాలరనిపించేది ఇందుకే. పైగా ఇది కాగితం మీద లెక్క. మన తూర్పు కనుమల్లో కాగితం మీద ఒక కిలోమీటరంటే ఒక కొండ ఎక్కి, గెడ్డలోకి, అంటే కొండవాగులోకి దిగి, మళ్లీ ఎక్కడం.

చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు వెళ్లినవాళ్లకి ఆ అడవి ఎలా ఉంటుందో తెలుసు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద మనిషి ఎత్తు కాఫీ మొక్కలు. తోట దాటితే ముళ్లపొదలు. చలికాలం తెల్లవారుజామున లంబసింగి దగ్గర పొగమంచు పడితే పది అడుగుల అవతల ఏముందో కనిపించదు. జవాన్లు వరసగా, మనిషికీ మనిషికీ కాస్త ఎడం ఉంచుకుని నడుస్తుంటారు. ఒకడి కాలు జారుతుంది, ఒకడు పొద చుట్టి వస్తాడు, వరస వంకర పోతుంది. ఆ వంకరలో రాయి పక్కన బోర్లా పడుకున్న మనిషి మిగిలిపోతాడు. నడిచేవాడికి చూపంతా పొదల మీద పెట్టే వీలు కూడా లేదు, ఎదుటివాడి దగ్గర తుపాకీ ఉందేమోనన్న టెన్షన్ ఒకటి ఉంటుంది.

డ్రోన్ మీద మనకి మరీ నమ్మకం. థర్మల్ కెమెరా ఒంటి వేడిని పట్టేస్తుందని విన్నాం, నిజమే. కానీ అది దట్టమైన ఆకుల గుండా చూడలేదు. పగలంతా ఎండకు కాగిన బండలు రాత్రి కూడా వేడిగానే కనిపిస్తాయి. పశువులు, అడవిపందులు, ఎలుగులు కూడా తెరమీద వెచ్చని చుక్కలే. మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంట వస్తే గొప్ప. జాగిలాలకు చల్లని, తేమ ఉన్న గాలి కావాలి. ఎండ ముదిరినా, పెద్ద వాన పడినా, మనిషి గెడ్డలో దిగి నడిచినా వాసన తెగిపోతుంది. సెల్ టవర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నగరంలో అడుగడుగునా టవర్లు ఉంటాయి కాబట్టి ఫోన్ ఎక్కడుందో కాస్త దగ్గరగా చెప్పగలరు. ఏజెన్సీలో ఒక టవర్ పరిధి అంటే కొన్ని కొండలు, కొన్ని లోయలు.

మన కంబాలకొండనే చూడండి. జూ పక్కన, జాతీయ రహదారిని ఆనుకుని దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అందులో చిరుతలున్నాయి. ఇరవై లక్షల జనాభా ఉన్న ఊరి అంచున అవి తరతరాలుగా బతుకుతున్నా, కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది?

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఊహాగానాలకు అసలు మూలం ఇదేనని నా అభిప్రాయం. "ఆ కొండంతా వెతికారు, లేడు" అన్న వార్త వినగానే మనం ఆ కొండని మనసులోంచి కొట్టేస్తాం. వెతికేవాళ్లు అలా కొట్టేయరు. దట్టమైన చోట ఒకసారి గాలిస్తే, మనిషి అక్కడే ఉన్నా కనిపించే అవకాశం పదింట ఆరే అనుకుందాం. అంటే నాలుగు వంతులు తప్పిపోవచ్చు. రెండోసారి గాలించాక కూడా వందకి పదహారు వంతులు తప్పిపోయే అవకాశం మిగులుతుంది. అందుకే తిరిగిన చోటే మళ్లీ తిరుగుతారు. బయటినుంచి చూసేవాళ్లకి అది చేతకానితనంలా, నాటకంలా కనిపిస్తుంది. కొండని కొట్టేశాం కాబట్టి మనిషి ఇంకెక్కడో ఉండాలి. అక్కడే "దాటేశాడు" అన్న కథ పుడుతుంది.

2025లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇదే జరిగింది. కన్న కూతుళ్లు ముగ్గురిని చంపిన కేసులో నిందితుడైన ఒక మాజీ సైనికుడు లెవెన్‌వర్త్ దగ్గర కొండల్లో మాయమయ్యాడు. కెనడా వెళ్లడం గురించి అంతకుముందు ఇంటర్నెట్‌లో వెతికాడని తెలియగానే సరిహద్దు దాటేశాడన్న మాట బలపడింది. సైన్యంలో పనిచేశాడు కాబట్టి అడవిలో ఏళ్ల తరబడి బతకగలడన్నారు. వేసవంతా గాలింపు సాగింది. సెప్టెంబర్‌లో అస్థికలు దొరికాయి, డీఎన్ఏ పరీక్ష అవి అతనివేనని తేల్చింది. దొరికింది ఎక్కడో కాదు, పిల్లల మృతదేహాలు కనిపించిన క్యాంపుకి దగ్గర్లోనే ఉన్న కొండ మీద.

2019లో కెనడాలో మరో ఉదంతం. మూడు హత్యల కేసులో ఇద్దరు కుర్రాళ్లు బ్రిటిష్ కొలంబియా నుంచి వేల కిలోమీటర్లు కారులో వచ్చి, మానిటోబా ఉత్తరాన గిల్లమ్ అనే చిన్న ఊరి దగ్గర కారు తగలబెట్టి అడవిలోకి వెళ్లిపోయారు. ఫొటోలు టీవీలో రాగానే దేశంలో ఎక్కడ చూసినా వాళ్లే కనిపించారు. యార్క్ ల్యాండింగ్ అనే మరో ఊళ్లో చెత్తకుప్ప దగ్గర ఇద్దరు పొడవాటి కుర్రాళ్లను చూశామని కొందరు మంచి మనసుతోనే చెప్పారు. బలగాలను హుటాహుటిన అక్కడికి తరలించారు. అక్కడ ఏమీ దొరకలేదు. చివరికి ఆగస్టు 7న నెల్సన్ నది ఒడ్డున పొదల్లో ఇద్దరి శవాలు దొరికాయి, కారు తగలబెట్టిన చోటికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో. అప్పటికి పోలీసులు గాలించింది 11 వేల చదరపు కిలోమీటర్లకు పైగా. చూశామన్నవాళ్లు అబద్ధమాడలేదు. ఫొటో రోజూ చూసి, భయంతో, మునిమాపు వెలుతురులో దూరంగా ఇద్దరు కుర్రాళ్లని చూస్తే ఎవరి కళ్లకైనా ఆ మొహాలే కనిపిస్తాయి.

"ఎవరో దాచారు" అన్న కథ వీటన్నిటికంటే ప్రమాదకరమైంది. దీని గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే విశాఖలో కూర్చుని మనం ఎక్కువగా చెప్పుకునేది ఇదే.

1996లో అట్లాంటా ఒలింపిక్స్ పార్కులో బాంబు పెట్టిన ఎరిక్ రుడాల్ఫ్, 1998లో మరో బాంబు దాడి తర్వాత నార్త్ కరోలినా పడమటి కొండల్లోకి పారిపోయాడు. ఎఫ్‌బీఐ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఐదేళ్లు దొరకలేదు. చనిపోయాడని కొందరు, దేశం దాటాడని కొందరు అన్నారు. ఎక్కువమంది మాత్రం మర్ఫీ అనే ఆ కొండ ఊరి జనమే అన్నం పెట్టి దాస్తున్నారని నమ్మారు. దేశమంతా వాళ్లను అనుమానంగా చూసింది. 2003 మే 31 తెల్లవారుజామున అదే ఊళ్లో, ఒక కిరాణా దుకాణం వెనక చెత్తడబ్బా దగ్గర తిండి ఏరుకుంటూ మామూలు గస్తీ పోలీసుకి దొరికాడు, అదీ ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాని కుర్రవాడికి. ఊరంతా అన్నం పెడుతున్న మనిషైతే చెత్తడబ్బా వెతుక్కోవాల్సిన పనేముంది? అతనికి ఆశ్రయం ఇచ్చారని ఆ ఊళ్లో ఎవరి మీదా కేసు పెట్టలేదు.

ఇదే అనుమానం మన మన్యం మీద వందేళ్లుగా ఉంది. అల్లూరి సీతారామరాజును నేరస్థుల సరసన పెట్టి మాట్లాడటం నా ఉద్దేశం కాదు, ఆయనది పోరాటం. గాలింపు కింద నలిగే గూడేల సంగతి చెప్పడానికే ఆయన కాలాన్ని తలుచుకుంటున్నాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సెప్టెంబర్‌లో దామనపల్లి ఇరుకు దారిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లిష్ అధికారులు చనిపోయారు. మలబార్ పోలీసులు వచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది, రాజు తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఆ రెండేళ్లూ గూడేల్లో జనం రెండు వైపులా నలిగారు. దారి చెబితే ఒకరికి ద్రోహం, చెప్పకపోతే ఇంకొకరి లాఠీ. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని కాల్చి చంపాక కూడా, రాజు చనిపోలేదని, ఎక్కడో బతికే ఉన్నాడని జనం చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం ప్రేమలోంచి పుట్టింది. కానీ పైనుంచి తాము నమ్మదగిన మాట ఒక్కటీ రాదని జనానికి అప్పటికే అర్థమైపోయిందన్నది కూడా నిజమే.

ఇప్పుడు ఏజెన్సీ అల్లూరి జిల్లా అయింది, పాడేరు జిల్లా కేంద్రమైంది. అయినా నగరంలో మాట మారలేదు. ఏదైనా జరిగితే పాడేరులో ఉన్న చుట్టానికి ఫోన్ వెళ్తుంది: "ఏరా, మీ వైపే తిరుగుతున్నాడంట కదా?" అటునుంచి జవాబు ఇలా ఉంటుంది: "మాకేటి తెలుసు బావా, నువ్వే టీవీలో చూసి చెప్పు. ఇక్కడ మాకు కరెంటు లేదు." కొండ మీద ఉన్నవాడికి అన్నీ తెలుసని మనం అనుకుంటాం. అతనికి తెలిసింది తన పొలం, తన సంత దారి. రాత్రి తుపాకీతో వచ్చి బియ్యం అడిగినవాడికి ఇవ్వకుండా ఎవరుండగలరు? చట్టం కూడా ఆ తేడా చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్ ప్రకారం ఆశ్రయం ఇవ్వడం నేరం కావాలంటే, అతను నేరస్థుడని తెలిసి ఉండాలి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండాలి, శిక్ష నుంచి తప్పించాలన్న ఉద్దేశంతో దాచి ఉండాలి. ఈ తేడా వాట్సాప్ గ్రూపుల్లో కనిపించదు. "గూడెంలోనే దాచారు" అని ఒకరు రాస్తారు, మర్నాడు ఆ గూడెం కుర్రాడు పనికోసం విశాఖ బస్సెక్కితే చెక్‌పోస్ట్ దగ్గర దింపేస్తారు.

"పోలీసులకి అంతా తెలుసు" అన్న మాటలో కొంత నిజం ఉంది. తెలిసినవన్నీ వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. పారిపోయినవాడి దగ్గర ఫోనో రేడియోనో ఉండొచ్చు. 2008 నవంబర్‌లో ముంబైలో దాడి జరుగుతుంటే టీవీలు లైవ్ ఇచ్చాయి, లోపల ఉన్న ఉగ్రవాదులకు పాకిస్థాన్ నుంచి సూచనలిచ్చేవాళ్లు దాన్ని చూస్తూనే ఉన్నారు. కసబ్ కేసు తీర్పులో 2012లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుబట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లను లైవ్‌లో చూపకూడదని, అది ముగిసేదాకా నియమించిన అధికారి అప్పుడప్పుడు చెప్పే వివరాలే ఇవ్వాలని పెట్టారు. ప్రతి గాలింపుకీ ఆ నిబంధన వర్తించదు గానీ కారణం మాత్రం అదే.

అయితే పోలీసుల మౌనం మొత్తం ఒప్పే అనలేను. 2016 అక్టోబర్ 24న మల్కన్‌గిరి జిల్లా రామ్‌గూడ దగ్గర ఎన్‌కౌంటర్ జరిగాక మావోయిస్టు నేత ఆర్కే ఏమయ్యాడన్నది ఎవరికీ తెలియలేదు. చనిపోయాడన్నారు, పోలీసుల చేతిలో ఉన్నాడన్నారు. ఆయన్ని కోర్టు ముందు హాజరుపరచాలని కోరుతూ భార్య హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. చివరికి క్షేమంగా ఉన్నాడని కబురు వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లకు, 2021 అక్టోబర్‌లో జబ్బు చేసి చనిపోయాడు. మరో మావోయిస్టు నేత హిడ్మా విషయంలోనూ అంతే. చనిపోయాడని 2023 జనవరిలో వార్తలొస్తే ఆ పార్టీ ఖండించింది. 2025 వేసవిలో కర్రెగుట్టల ఆపరేషన్ జరిగినప్పుడు అక్కడే చిక్కాడన్నారు. ఆ ఏడాది నవంబర్ 18న మారేడుమిల్లి అడవిలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడని మన రాష్ట్ర పోలీసులు ప్రకటించారు. ఇన్నిసార్లు తప్పుడు కబుర్లు విన్నాక నిజమైన కబురు వచ్చినా జనం ఒకపట్టాన నమ్మరు. రోజూ ఒకే వేళకి ఒకే అధికారి వచ్చి, "ఇవాళ ఫలానా చోట వెతికాం, ఏమీ దొరకలేదు, ఫలానా వదంతి నిజం కాదు" అని చెబితే సగం కథలు ఆగుతాయి. ఆపరేషన్ వివరాలు దాచుకుంటూనే ఈ మాత్రం చెప్పొచ్చు.

కథలు ఆగకపోతే ఏమవుతుందో అట్లాంటాలోనే చూశాం. రుడాల్ఫ్ పెట్టిన బాంబు సంచిని ముందుగా గమనించి జనాన్ని పక్కకు పంపిన సెక్యూరిటీ గార్డునే అసలు నిందితుడని పత్రికలు, టీవీలు దాదాపు మూడు నెలలు వెంటాడాయి. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్లప్పుడు, అంతకు నెల ముందే కనిపించకుండా పోయిన ఒక భారత సంతతి విద్యార్థి ఫొటోని ఇంటర్నెట్‌లో జనం నిందితుడి ఫొటోతో పోల్చి, ఇతనే అని తేల్చేశారు. అతనికి ఆ దాడితో సంబంధమే లేదు, కొద్దిరోజులకు శవమై దొరికాడు. కొడుకు ఏమయ్యాడో తెలియక అల్లాడుతున్న కుటుంబానికి ఆ రోజుల్లో తిట్లు, బెదిరింపులు కూడా వచ్చాయి. అంత దూరం ఎందుకు, 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లతో రెండు తెలుగు రాష్ట్రాల్లో ముక్కూమొహం తెలియని మనుషుల్ని కొట్టారు. హైదరాబాద్‌లో ఒక హిజ్రా ప్రాణం పోయింది. ఆ ఏడాది దేశమంతా ఇలాంటి దాడులు జరిగాకే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి ఐదు చాట్‌లకు పరిమితం చేసింది.

మరి జనం మాటతో పనే లేదా? ఉంది, చాలా ఉంది. మానిటోబా కేసులో దారి చూపించింది ఒక స్థానిక టూర్ గైడ్. ఆ నది మీద రోజూ పడవ నడిపే అతనికి ఒడ్డున పొదలకు చిక్కుకున్న స్లీపింగ్ బ్యాగ్ కనిపించింది. అది అక్కడ ఉండాల్సిన వస్తువు కాదు. పోలీసులకి చెప్పాడు. ఆ చుట్టుపక్కల వెతికితే సామాన్లు, ఆ తర్వాత శవాలు బయటపడ్డాయి. కుర్రాళ్లు ఎటు పోయి ఉంటారన్న ఊహ అతను చెప్పలేదు, కళ్లకి కనిపించింది మాత్రమే చెప్పాడు.

అడవి ఎవర్నీ ఊరికే పోషించదు. ఉప్పు కావాలి, అగ్గిపెట్టె కావాలి, మన ఏజెన్సీలో అయితే చలిజ్వరానికి మందు కావాలి. సత్యమంగళం అడవుల్ని దశాబ్దాలుగా ఏలిన వీరప్పన్‌ని కూడా చివరికి అడవిలో పట్టుకోలేదు. కంటి వైద్యం కోసం బయటికి వస్తూ అంబులెన్స్ ఎక్కితే, 2004 అక్టోబర్ 18న ధర్మపురి జిల్లా పాపారపట్టి దగ్గర టాస్క్‌ఫోర్స్ చేతిలో చనిపోయాడు. అందుకే సంతలో దుకాణం పెట్టుకున్నవాడు, మందుల షాపువాడు, జీపు డ్రైవర్, ఆశా కార్యకర్త చూసిన చిన్న సంగతి, మనం నగరంలో కూర్చుని అల్లిన పెద్ద సిద్ధాంతం కంటే ఎన్నో రెట్లు విలువైనది. వాళ్లు నోరు విప్పాలంటే, విప్పినందుకు తామే అనుమానితులు కామన్న నమ్మకం ఉండాలి. గూడేల మీద మనం వేసే నింద ఆ నమ్మకాన్నే చెరిపేస్తుంది.

నిజంగా ఏదైనా కనిపిస్తే 112కి ఫోన్ చేయాలి, గ్రూపులో పెట్టకూడదు. ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎలా ఉంది, అతను ఎటు వెళ్లాడు, చేతిలో ఏముంది, ఇవి చెప్పాలి. ఫొటో టీవీలో చూశాక గుర్తొచ్చిందా, ముందే అనుమానం వచ్చిందా అన్నది కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే సమాచారాన్ని తూచేవాళ్లకి ముందుగా కావాల్సింది అదే. అతను ఎవరై ఉంటాడు, ఎవరు దాచి ఉంటారు, ఎక్కడికి పోతూ ఉంటాడు అన్నవి మాత్రం చెప్పక్కర్లేదు.